చిప్పు మన జేబులో, ఫోటో ఎవరి చేతిలో?

మన పల్లెల్లో ఇప్పుడు కెమెరాకు కొదవ లేదు. బేల్దారి పనికి బెంగుళూరు, హైదరాబాదు పోయి వచ్చిన పిలకాయల జేబుల్లో ఫోన్లున్నాయి. సంఘం బీరువాలో ఒక పాత డిజిటల్ కెమెరా ఉంటుంది. ఎవరో ఒకరింట్లో అటక మీద హ్యాండీకామ్ కూడా ఉంటుంది. ఏప్రిల్ 14 వచ్చిందంటే వందల ఫోటోలు. ధర్నా అయితే వందల ఫోటోలు. ఎమ్మార్వో ఆఫీసు మెట్ల మీద అర్జీ పట్టుకుని నిలబడితే ఇంకో పది.

ఆరు నెలలు పోయాక ఆ ఫోటో అడిగి చూడండి. "ఫోను నీళ్ళల్లో పడిందన్నా." "చిప్పు పిల్లోడు పాటలకు వాడుకున్నాడు." "స్టూడియో అతను తుడిచేశాడంట." "వాట్సాప్‌లో ఉండె, గ్రూపు పోయింది." మనం తీసిన ఫోటో మన దగ్గర లేదు! పొలం దున్నినోడికి గింజ మిగలని లెక్కే ఇది కూడా.

మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. ప్రతి సంఘానికి ఒక పాత కంప్యూటరైనా సొంతంగా ఉండాలి. అందులో ఏ కంపెనీ దయా అక్కరలేని స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఉండాలి. తీసిన ప్రతి ఫోటో, ప్రతి వీడియో ముందు అక్కడికి చేరాలి. ఆ తరువాతే వాట్సాప్, ఆ తరువాతే ఫ్లెక్సీ. జయంతికి రోడ్డు పొడవునా ఫ్లెక్సీలు కట్టే సంఘాల్లో రెండు మూడొందల రూపాయల కార్డు రీడరు ఎన్నింటికి ఉంది? ఫ్లెక్సీలో మన తల ఎంత పెద్దగా పడిందని కొట్లాడుకుంటాం. ఆ ఫోటో అసలు ఎక్కడుందని మాత్రం అడగం.

ఇదేం ఉద్యమం, ఇది కంప్యూటర్ కోచింగు గదా అని కొందరు అన్నలు నవ్వుతారు. నవ్వనీండి. కారంచేడు గుర్తు చేసుకుందాం. 1985 జూలై 17. మన జిల్లాలో (ఆ ఊరు ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది) ఆరుగురు మాదిగలను నరికి చంపారు. ఆనాడు మనవాళ్ళ చేతుల్లో కెమెరా ఎక్కడిది? చూసిన కళ్ళే సాక్ష్యం, ఏడ్చిన గొంతే రికార్డు. చుండూరు. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది. ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకోడానికి మన జనం ఏళ్ళ తరబడి కొట్లాడారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు నేరం రుజువు కాలేదని అందరినీ వదిలేసింది.

ఫోటో ఉంటే ఆ తీర్పు మారిపోయేదని మేము అనడం లేదు. న్యాయస్థానంలో కులం ఎట్లా పనిచేస్తుందో మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. కానీ పదేళ్ళకో పదిహేనేళ్ళకో బోనెక్కిన మన మనిషిని అవతలి ప్లీడరు ఏమడుగుతాడు? ఏ గట్టు మీద నిలబడ్డావు, ఎన్ని బారల దూరం, ఎన్ని గంటలు, ఎవరి చేతిలో ఏముంది అని. మనిషి జ్ఞాపకం అలిసిపోతుంది. భయపెడితే వణుకుతుంది కూడా. తేదీ, టైము లోపలే రాసుకున్న ఫోటోకు ఆ భయం లేదు. దాన్ని దాయాల్సిన తీరులో దాస్తేనే.

గుజరాత్‌లో ఉనా సంగతి తెలుసు గదా. 2016 జూలై 11న చచ్చిన ఆవు తోలు తీస్తున్న మన పిల్లల్ని కట్టేసి కొట్టారు. కొట్టినోళ్ళే ఆ వీడియో తీసి, వాళ్ళే గర్వంగా తిప్పారు. దేశం కదిలింది ఆ వీడియో చూసే. అంటే మన మీద జరిగిన దాడికి రుజువు కూడా కొట్టినోడి ఫోనులోంచే రావాల్సి వచ్చింది. అట్లాంటి రుజువు వాళ్ళు పొగరుబోతులైనంత కాలమే దొరుకుతుంది. తెలివి తెచ్చుకుంటే దొరకదు.

ఇక మా అనుభవంలోది ఒకటి. ఒక పల్లెలో మనవాళ్ళ శ్మశానం గట్టు జరిపి కంచె వేశారు. మన పిలకాయలు కెమెరాతో ఆ గట్టు, పాత సమాధులు, కొత్త రాళ్ళు అన్నీ తీశారు. ప్రింట్లు వేయిద్దామని పక్క టవునులో ఒక స్టూడియోలో చిప్పు ఇచ్చారు. "సాయంత్రం రండి" అన్నాడు. వీళ్ళు బస్సు దిగి ఇంటికి చేరేలోపే ఆ కంచె వేసినాయనకు కబురు చేరింది. సాయంత్రం చిప్పు వచ్చింది. అందులో సగం ఫోటోలు లేవు. "వైరస్" అన్నాడు స్టూడియో ఆయన! ఆయన పేరు మాకెందుకు? రేపు ఇంకో టవునులో ఇంకొకాయన. మన సాక్ష్యాన్ని వాళ్ళ షాపు గల్లా మీద పెట్టే అలవాటుతోనే మా పేచీ.

ఆ సగం ఫోటోలు తిరిగొచ్చాయి. ఎట్లా వచ్చాయో కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రతి కార్యకర్తకూ తెలిసి ఉండాలి. కెమెరా చిప్పులో "డిలీట్" నొక్కితే ఫోటో వెంటనే చెరిగిపోదు. పుస్తకం ముందు పేజీలో విషయసూచిక కొట్టేసినట్టు, ఆ పేరు ఒక్కటి పోతుంది. లోపలి పేజీలు అట్లానే ఉంటాయి, వాటి మీద కొత్త ఫోటో పడేదాకా. కాబట్టి ఎవరైనా, పోలీసాయన గానీ ఊరి పెద్దాయన గానీ, బెదిరించి డిలీట్ చేయించాడనుకోండి. ఆ చిప్పు మీద ఇంకొక్క ఫోటో కూడా తీయొద్దు. చిప్పు బయటికి తీసి, పక్కనున్న చిన్న తాళం మీటను కిందికి జరిపి, కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోండి. ఫోటోరెక్ అని ఒక సాఫ్ట్‌వేరు ఉంది. పైసా ఖర్చు లేదు. చిప్పు మీద కాకుండా కంప్యూటరులో వేరే చోటికి వెలికితీసిన ఫోటోలు పెడుతుంది. పాత పేర్లు ఉండవు గానీ, తీసిన తేదీ లోపల భద్రంగానే ఉంటుంది. ఫోను సొంత మెమరీలోంచి చెరిపినవి ఇట్లా తేలిగ్గా రావు. అందుకే సంగతి ముదిరిందనిపించిన చోటికి పాత డిజిటల్ కెమెరాయే తీసుకుపొండి. ఫోను కంటే అదే మనకు నమ్మకమైన బంటు.

ఇప్పుడు అసలు పని. కెమెరాలోంచి కంప్యూటరులోకి మార్చడం. ఇందులో మంత్రం ఏమీ లేదు. మేము బడిలో పాఠాలు చెప్పేవాళ్ళం, మా ఇళ్ళల్లో డిగ్రీ మొహం చూసిన మొదటి తరం. కంప్యూటరు ఇంగ్లీషు వచ్చినోళ్ళ సొత్తని మమ్మల్నీ చాలా ఏళ్ళు బెదరగొట్టారు. ఆ బెదురు కులం పెట్టిన బెదురే.

చిప్పును కార్డు రీడరులో పెట్టి కంప్యూటరుకు తగిలిస్తే ఒక కిటికీ తెరుచుకుంటుంది. అందులో డీసీఐఎమ్ అని ఒక సంచి కనపడుతుంది. ఏ కంపెనీ కెమెరా అయినా ఫోటోలు అందులోనే పెడుతుంది. ముందుగా కంప్యూటరులో ఆ రోజు తేదీతో, ఊరి పేరుతో ఒక కొత్త సంచి చేయండి. పేరు తెలుగులోనే పెట్టండి, లినక్సు దానికి అడ్డు చెప్పదు. డీసీఐఎమ్ మొత్తాన్ని కాపీ చేసి అందులో వేయండి. "కట్" చేయొద్దు. కట్ చేస్తే మధ్యలో కరెంటు పోయినప్పుడు ఏది ఎక్కడ ఆగిందో తెలీదు. మన వైపు కరెంటు సంగతి మీకు చెప్పాలా? పాత సంచిలోనే కొత్త ఫోటోలు వేయొద్దు. కెమెరా ఫోటోలకు ఒకటి, రెండు, మూడు అని నంబర్లే పేర్లుగా పెడుతుంది. చిప్పు మార్చినప్పుడు కొన్ని కెమెరాలు మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెడతాయి. నిరుటి ధర్నా ఒకటో నంబరు మీద ఈ ఏటి జయంతి ఒకటో నంబరు వచ్చి కూర్చుంటుంది. అయిపోయాక "ఎజెక్ట్" నొక్కి, సరేనన్నాకే చిప్పు లాగండి. కంప్యూటరు కొంత రాయకుండా మనసులోనే పెట్టుకుని ఉంటుంది, పైకి మాత్రం అయిపోయినట్టు చూపిస్తుంది.

కార్డు రీడరు లేకపోతే కెమెరాకే వైరు తగిలించొచ్చు. లినక్సులో జీఫోటో అనే భాగం ఉంది. రెండు వేలకు పైగా రకాల కెమెరాల భాష దానికి వచ్చు. కొన్ననాటి సీడీ పోయింది, డ్రైవరు లేదు అనే గోల ఉండదు. వీడియోలతో కాస్త జాగ్రత్త. పెద్ద వీడియోను చాలా కెమెరాలు 4 జీబీ దగ్గర తుంచి రెండు మూడు ముక్కలుగా రాస్తాయి. అన్ని ముక్కలూ తీసుకోండి. హ్యాండీకామ్ చిప్పులో వీడియోలు డీసీఐఎమ్‌లో కాకుండా "ప్రైవేట్" అనే వేరే సంచిలో ఉండొచ్చు. లోపల వెతికి ఒక్క ఫైలు ఏరుకోకుండా సంచి సంచే ఎత్తుకోండి. చూడడానికి వీఎల్‌సీ చాలు.

స్టూడియో ఆయన చెప్పిన వైరస్ మాట అన్నిసార్లూ అబద్ధం కాదు. ఇంటర్నెట్ షాపుల్లో దొంగ విండోసు కంప్యూటర్లకు చిప్పు తగిలిస్తే సంచులన్నీ మాయమై షార్ట్‌కట్ బొమ్మలు మిగలడం మీలో చాలామంది చూసి ఉంటారు. ఏం పోలేదక్కడ. ఆ వైరస్ మన సంచుల మీద "దాచు" అని గుర్తు వేస్తుంది, అంతే. అదే చిప్పు లినక్సు కంప్యూటరుకు తగిలించండి. ఆ గుర్తును లినక్సు లెక్కచేయదు. మన ఫోటోలు మన కళ్ళెదుటే ఉంటాయి.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే ఎందుకు అని మళ్ళీ అడిగేవాళ్ళుంటారు. డబ్బు ఒక కారణం. 2025 అక్టోబరు 14తో విండోసు 10కి మైక్రోసాఫ్టు మద్దతు ఆపేసింది. కొత్త విండోసు మోయలేని మంచి మంచి కంప్యూటర్లను ఆఫీసులు, కాలేజీలు పాత సామాన్లలో వేస్తున్నాయి. అట్లాంటిది ఒకటి అడిగి తెచ్చుకుని లినక్సు వేస్తే మన పనికి అయిదేళ్ళు ఢోకా లేదు. డబ్బు కంటే పెద్ద కారణం ఇంకొకటుంది. 64 జీబీ, అంతకు పెద్ద చిప్పులు ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో రాస్తాయి. ఆ పద్ధతి మీద మైక్రోసాఫ్టు పేటెంట్లు తీసుకుంది. మన చిప్పు, మన ఫోటో. దాన్ని మన కంప్యూటరు చదవాలంటే 2019 దాకా కంపెనీ లైసెన్సు తీసుకోవాల్సి వచ్చేది! చదువు చెవిన పడకూడదన్న మనువు మాట వేరే వేషంలో వచ్చినట్టు లేదూ? ప్రపంచమంతా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరువాళ్ళు ఏళ్ళ తరబడి దీంతో పేచీ పడ్డారు. చివరికి 2019 ఆగస్టులో ఆ కంపెనీయే వివరాలు బయటపెట్టింది. ఆ నవంబరులో వచ్చిన లినక్సు 5.4 నుంచి అది లోపలే ఉంది. (లినక్సు మొదటి మాట బయటికొచ్చింది 1991 ఆగస్టు 25న. చుండూరు తుంగభద్ర కాలవలో శవాలు తేలిన నెలలోనే. దీనికీ దానికీ సంబంధం లేదు, కానీ మాకు ఆ నెల అట్లానే గుర్తుంటుంది.)

ఇదేదో పట్నం వాళ్ళ సరదా అనుకోవద్దు. కేరళ సర్కారు బడుల్లో కంప్యూటర్లు ఏళ్ళుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు మీదే నడుస్తున్నాయి. హైదరాబాదులో 'స్వేచ్ఛ' వాళ్ళు తెలుగు మెనూలతోనే లినక్సు తెచ్చారు. బెంగుళూరులో ఒక మురికివాడలో అంబేద్కర్ పేరు మీద కంప్యూటరు కేంద్రం పెట్టి, జనం ఇచ్చిన పాత కంప్యూటర్ల మీద కూలీల పిల్లలకు ఇవే నేర్పారు. ఇంకా దగ్గర ఉదాహరణ కావాలంటే జహీరాబాదు దగ్గర పస్తాపూర్. అక్కడ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో బడి మొహం చూడని దళిత ఆడవాళ్ళు వీడియో కెమెరాలు పట్టారు. తీయడమే కాదు, కూర్చుని తామే ఎడిట్ చేశారు. పటేలు చూసే చూపును బట్టి ఒక షాటుకు పటేల్ షాట్ అని పేరు పెట్టారు. మనిషిని మనిషి సమానంగా చూసే షాటుకు సంఘం షాట్ అని పెట్టారు. సినిమా బళ్ళో ఇంత పాఠం చెబుతారో లేదో. మన సంఘాల్లో ఫోటోలు దాచే పని ఎప్పుడూ మొగపిల్లలకే ఇస్తున్నాం. మా మాట విని చదువుకున్న ఒక ఆడపిల్లకు అప్పజెప్పి చూడండి. చిప్పు పాటలకు పోదు.

చట్టం సంగతి చూద్దాం. అత్యాచారాల నిరోధక చట్టానికి 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణలో 15ఏ సెక్షను ఉంది. ఈ చట్టం కింద జరిగే విచారణలన్నీ వీడియో తీయాలని అందులో పదో ఉపసెక్షను చెబుతుంది. అడగండి. అడగకపోతే తీయరు. మన ఫోటోల విషయానికొస్తే, 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్య చట్టం పోయి భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది. దాని 63వ సెక్షను ప్రకారం కంప్యూటరులోంచి తీసిన కాపీ కోర్టుకు ఇవ్వాలంటే సర్టిఫికెట్టు కావాలి. ఒక భాగం ఆ కంప్యూటరును గానీ ఫోనును గానీ నడిపే మనిషి రాయాలి, రెండో భాగం నిపుణుడు రాయాలి. అసలు కెమెరా, అసలు చిప్పు తెచ్చి, దాని సొంతదారే బోనెక్కి చెబితే సర్టిఫికెట్టు అక్కర్లేదని పాత చట్టం మీద 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే ముఖ్యమైన ఫోటో ఉన్న చిప్పును తుడిచి మళ్ళీ వాడొద్దు. కొత్త చిప్పు కొనండి. పాతది కవరులో పెట్టి, తీసిన మనిషి పేరు, తేదీ, ఊరు రాసి, ఇద్దరి సంతకాలతో అంటించి దాయండి. మీ కేసుకు ఏది సరిపోతుందో వకీలును అడగండి. మేము వకీళ్ళం కాదు.

ఆ సర్టిఫికెట్టులో హాష్ అని ఒకటి అడుగుతారు. దాన్ని ఫోటో వేలిముద్ర అనుకోండి. లినక్సులో ఎస్‌హెచ్ఏ-256 ఆదేశం ఇస్తే 64 అక్షరాల వరస ఒకటి వస్తుంది. ఫోటోలో ఒక్క చుక్క మారినా ఆ వరస మారిపోతుంది. ఫోటోలు ఎక్కించిన రోజే ఆ వరసలు తీసి, ప్రింటు చేసి, సంఘం మినిట్స్ పుస్తకంలో అంటించి సంతకాలు పెట్టండి. ఖాళీ కాగితం మీద మన తాతల వేలిముద్రలు వేయించుకుని పొలాలు రాయించుకున్న చరిత్ర మనది. ఈ వేలిముద్ర మనం వేసేది.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటోకు ఈ గౌరవం లేదు. అది ఫోటోను నలిపి చిన్నది చేస్తుంది, లోపలి తేదీ చెరిపేస్తుంది. పంపక తప్పకపోతే "డాక్యుమెంటు"గా పంపండి. కెమెరాలో తేదీ సరిగ్గా ఉందో లేదో బయలుదేరే ముందే చూసుకోండి. బ్యాటరీ చాలాకాలం చచ్చి ఉంటే కెమెరా గడియారం ఎప్పటికో వెనక్కి పోతుంది. అనుమానముంటే మొదటి ఫోటో ఆ రోజు పేపరుది తీయండి. తరువాత కంప్యూటరులో మాత్రం తేదీ సరిచేయొద్దు. ఇంకో మాట. అత్యాచారం జరిగిన ఆడబిడ్డ మొహం, పేరు బయటపెట్టడం నేరం. నేరం కాకపోయినా చేయకూడదు. అవి కంప్యూటరులో తాళం వేసి దాచాల్సినవి, గ్రూపుల్లో తిప్పాల్సినవి కావు.

సర్కారు మన ఫోటోలు ఎట్లా తీస్తుందో చూస్తున్నాం గదా. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనుల దగ్గర రోజుకు రెండుసార్లు కూలీల ఫోటో తీసి యాప్‌లో ఎక్కించాలని తప్పనిసరి చేశారు. సిగ్నలు లేక ఫోటో ఎక్కకపోతే చేసిన పనికి కూలి పోయింది. దీని మీద 2023 ఫిబ్రవరిలో కూలీలు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర ధర్నాకు కూర్చున్నారు. ఆ ఫోటో వాళ్ళ సర్వరులో ఉంటుంది, మన దగ్గర కాపీ ఉండదు. కొలతల పుస్తకంలో తేడా వస్తే మనం ఏం చూపించాలి? తవ్విన గుంతను మేస్త్రీ టేపు పెట్టి కొలిచేటప్పుడు మన కెమెరాతో ఒక ఫోటో తీసి, ఆ రాత్రే మన కంప్యూటరులో వేసుకుంటే ఎవరొద్దన్నారు?

పాత టేపుల మాట కూడా చెప్పి ముగిస్తాం. 1994 జూలై 7న ఆనాటి మన జిల్లా ఈదుముడిలో దండోరా పుట్టింది. ఆ తరువాతి పదిపదిహేనేళ్ళ సభలు, పాదయాత్రలు, ఆ వేదికల మీద పాడిన గొంతులు కొన్ని వీడియో టేపుల్లో ఉన్నాయి. ఇనప్పెట్టెల్లో, ఎండకు వానకు, బూజు పట్టి. మినీ డీవీ టేపు ఉంటే, అది ఆడే హ్యాండీకామ్ పనిచేస్తుండగానే కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. ఫైర్‌వైర్ అనే వైరు, ఆ వైరు పట్టే పాత కంప్యూటరు కావాలి. డీవీగ్రాబ్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు ఆ పని చేస్తుంది. గంట టేపుకు గంట పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. ఇంచుమించు 13 జీబీ జాగా తింటుంది. టేపును ముందు ఒకసారి చివరిదాకా చుట్టి మళ్ళీ వెనక్కి చుట్టండి. అప్పుడు ఆడించండి. బూజు కనిపిస్తే ఆడించకుండా పక్కన పెట్టండి, కెమెరా తల పాడవుతుంది. ఎవరి ఇంట్లో ఏ టేపు ఉందో ముందు ఒక కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టండి. వెలిగండ్ల మండలంలో ఆ జాబితా మేము రాస్తున్నాం. కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు మిత్రులు మీ ఊళ్ళవి రాసి పంపండి.